సపోటా శబ్దమునకు టీకా తాత్పర్యములు

మూలము: "సపోటాలమ్మా, సపోటాలు!"

అవతారిక: తోపుడుబండివాని యీ కేక చెవిని బడగానే, లోకమందలి సమస్త శబ్దములను సంస్కృతము కడుపున పుట్టించెదనని వ్రతము పట్టిన మా పండితమిత్రులు, అరుగుమీదనుండియే "సపుటమే సపోటా, గింజలను పుటమున దాచినది గనుక" అని సెలవిచ్చిరి. ఆ లెక్కను గుమ్మడికాయయు సపుటమే, వారి చేతిసంచియు సపుటమే.

ప్రతిపదార్థము: సుగమము.

వ్యుత్పత్తి: మెక్సికోలోని నహువాట్ల్ భాషలో మెత్తని తీయని పండ్లకు ‘త్సపోట్ల్’ అని పేరు. ఇందలి తుది ‘ట్ల్’ ప్రకృతిలోనిది కాదు, మన డుమువులవంటి ప్రత్యయము. ‘రాముడు’లోని డువర్ణము ‘రామబాణము’న కానరానట్లే, ఇదియు సమాసమున పూర్వపదమైనచో రాలిపోవును, ‘నా పండు’ అని సొంతము చెప్పుకొన్నను రాలిపోవును. సొత్తైనంతనే తోక రాల్చు నామము! చిన్నయసూరిగారి కంటబడియుండినచో దీనికొక పరిచ్ఛేదమే దక్కెడిది. స్పెయినువారికి ఆ ట్లకారము నోట తిరుగక ‘తె’ యయ్యెను: టొమాట్ల్ తొమాతె, అవాకాట్ల్ అగ్వాకాతె, త్సపోట్ల్ సపోతె. 1753లో లిన్నేయసు దానికి లాటిను అంగీ తొడిగి ‘జపోట’ యనెను. మనయొద్ద రమా శబ్దమంతటిది రమయై హ్రస్వమునకు తలయొగ్గగా, ఈ పరదేశి మాత్రము దీర్ఘము విడువక బండిమీద ఊరేగుచున్నది.

ఎచటనుంటిమి? సపుటము. 1521లో తమ తెనోచ్‌తిత్లాన్ నగరము కూలినను ఆ నహువాట్ల్ జనులు కూలనీయక నిలుపుకొన్న మాటను, అరుగుమీద కాలుమీద కాలు వైచుకొని అరనిమిషమున కాజేయుట పాండిత్యమా? నా మనుమడు అప్పుడే నోటుపుస్తకమున ‘సపుటము’ అని వ్రాసి క్రింద గీతకూడ గీచినాడు.

విశేషము: సపోటాచెట్టు పాలనుండి వచ్చు జిగురు ‘త్సిక్ట్లి’, స్పానిషున ‘చిక్లె’, పిల్లలు నమలు జిగురుబిళ్లకు ఒకప్పటి ముడిసరుకు ఇదియే. పచ్చికాయలోను ఈ పాలుండును. ఇది నేను చెప్పబోవునంతలో, బండివాడు "రేపటికి పండునమ్మా" యని తూచి యిచ్చిన కాయలలో నొకదానిని మిత్రులు సంచినుండి తీసి కొరికిరి.

తాత్పర్యము: పెదవులంటుకొనెను. మా యావిడ కొబ్బరినూనె సీసా తెచ్చువరకు వారు మరియొక పదము విడదీయలేదు.