అట్టమీద 1611

టెనెసీ కొండల్లో ఒక చిన్న బాప్టిస్టు చర్చి ఉంది. రోడ్డు పక్కన నిలబెట్టిన బోర్డు మీద ఆరాధన వేళల కింద, వాటికన్నా పెద్ద అక్షరాల్లో నా పేరు రాసి ఉంటుంది: కింగ్ జేమ్స్ బైబిలు, 1611. నన్ను తప్ప మరో ఇంగ్లీషు బైబిలును అక్కడ పల్పిట్ ఎక్కనివ్వరు. కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో వేరే తర్జుమా కనబడితే తలుపు దగ్గరుండే సంఘపెద్ద మర్యాదగానే నా ప్రతి ఒకటి అందిస్తాడు. నేను ఆ సంఘంలోని ఒక ఇంట్లో ఉంటాను. నాకు నల్లతోలు అట్ట. యేసు మాటలు ఎర్ర సిరాలో ఉంటాయి. పాత, కొత్త నిబంధనల మధ్య ఇంట్లోవాళ్ల పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ రాసుకునే పుటలున్నాయి. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక కుర్రవాడు పెళ్లి చేసుకుంటూ నన్ను కొన్నాడు. ఇప్పుడు అతని మునిమనవల పేర్లు కూడా నాలోనే ఉన్నాయి. వీళ్లు నన్నొక్కదాన్నే ఎందుకు నమ్ముతారని చాలామంది అడిగారు, కొందరు నవ్వారు. ఆ నవ్వు నన్ను బాధపెట్టింది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

నన్ను కొన్నాయన పొగాకు రైతు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద నన్ను తెరిచి, వరుస కింద వేలు పెట్టి గట్టిగా చదివేవాడు. నా ఇంగ్లీషు వాళ్లు పొలంలో మాట్లాడుకునే ఇంగ్లీషు కాదు. నేను మొదట అచ్చయిన నాటికే అందులో కొంత పాతబడిన మాట ఉంది. ఆ పాత పలుకు వినగానే పిల్లలు సర్దుకుని కూర్చునేవారు. సండే స్కూల్లో వాళ్లు కంఠతా పట్టినవన్నీ నా వచనాలే. ఆయన తల్లిని పాతిపెట్టిన రోజున గుంట దగ్గర చదివిన కీర్తన నాదే. చిన్నకొడుకు పదేళ్లవాడిగా ఉన్నప్పుడు ఆదివారం ఆరాధన చివర తనంతట తానే ముందుకు నడిచి మోకాళ్లూని ఏడుస్తుంటే, పాస్టరు గారు వాడి చెవి దగ్గర చెప్పిన వాక్యం నాదే. ఏ మాటలు విని మనిషి మారుమనస్సు పొందాడో ఆ మాటలను తర్జుమాగా తలచుకోవడం అతనికి చేతకాదు. దేవుడు తనతో అన్న మాటలవి. ఎవరో చదువుకున్నాయన వచ్చి అక్కడొక మాట సరిగా లేదంటే, ఆ రోజు నువ్వు విన్నది దేవుడి గొంతు కాదు పొమ్మన్నట్టే ఉంటుంది.

ఇక నా పుట్టుక. 1604 జనవరిలో లండన్ దగ్గరి హాంప్టన్ కోర్టులో ఇంగ్లండు రాజు జేమ్స్ మతపెద్దలను సమావేశపరిచాడు. చర్చిని ఇంకా సంస్కరించాలనే ప్యూరిటన్ల తరఫున వచ్చిన జాన్ రేనాల్డ్స్ కొత్త తర్జుమా కావాలన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. ఆయనకు తన కారణం తనకుంది: అప్పట్లో ఇంటింటా ఉన్న జెనీవా బైబిలు అంచుల్లో, దుష్టరాజు ఆజ్ఞను మీరడం తప్పు కాదనే ధోరణిలో వ్యాఖ్యలుండేవి. వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి నగరాల్లో ఆరు బృందాలుగా 47 మంది పండితులు పనిచేశారు. వాళ్లు ఏదీ లేనిచోట నుంచి నన్ను పుట్టించలేదు. 1568 నాటి బిషప్పుల బైబిలును ముందు పెట్టుకుని దిద్దారు. దాని వెనక ఉన్నది అంతకుముందు విలియం టిండేల్ చేసిన తర్జుమా. నా కొత్త నిబంధనలో అధికభాగం ఆయన పలుకే. 1536లో ఆయన్ని మతద్రోహి అని గొంతు బిగించి చంపి తగలబెట్టారు.

1611లో బయటికొచ్చినప్పుడు నేనే కొత్త తర్జుమాను. ఈ చర్చిలో ఈ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. హ్యూ బ్రాటన్ అనే హీబ్రూ పండితుడు, ఇలాంటిదాన్ని సంఘాల మీద రుద్దడం కన్నా అడవిగుర్రాలతో తనను చీల్పించుకోవడం మేలని రాశాడు. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరిన భక్తులు ఎక్కువగా నమ్ముకున్నది జెనీవా బైబిలునే. వాళ్లు మూర్ఖులు కారు. తమ తల్లులు ప్రార్థన నేర్పిన మాటలను విడిచిపెట్టడానికి వాళ్లకూ మనసొప్పలేదు. నేను అందరి నోళ్లలో పడేసరికి కొన్ని తరాలు గడిచాయి. ఇవాళ నన్ను పట్టుకుని వదలనివాళ్లలో నాకు ఆ జెనీవా భక్తులే కనిపిస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బోర్డు మీద 1611 అని ఉన్నా, ఈ ఇంట్లో ఉన్న నా పాఠం 1769లో ఆక్స్‌ఫర్డ్‌లో బెంజమిన్ బ్లేనీ దిద్దినది. అక్షరక్రమం, విరామచిహ్నాలు, వాలు అక్షరాలు, అక్కడక్కడ మాటలు కూడా మధ్యలోని సుమారు నూటయాభై ఏళ్లలో మారుతూ వచ్చాయి. మొదటి ముద్రణలో అపోక్రిఫా గ్రంథాలున్నాయి, నాలో లేవు. 1631లో ఒక ముద్రణలో పది ఆజ్ఞల్లో ఒకదాంట్లోంచి నిషేధం చెప్పే చిన్న మాట జారిపోయి, వ్యభిచరించమన్నట్టు అచ్చయింది. ముద్రాపకులకు 300 పౌండ్ల జరిమానా పడింది. ఇవేవీ దాచుకోవలసిన సంగతులని నేననుకోను. మనుషుల చేతుల మీదుగా వచ్చాను. ఆ చేతుల్లో భక్తి ఉంది, అలసట కూడా ఉంది.

అసలు తగాదా గ్రీకు రాతప్రతులది. 1516లో బాసెల్ నగరంలో ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించాడు. ఆయన దగ్గరున్నవి కొద్దిపాటి ప్రతులు, అవీ అంత పాతవి కావు. ప్రకటన గ్రంథం చివరి ఆకు లేకపోతే, ఆ వచనాలను లాటిన్ నుంచి తనే గ్రీకులోకి తిప్పుకున్నాడు. తర్వాత స్టెఫానస్, బెజా అనే పండితులు మెరుగుపరిచిన ఆ పాఠమే నా పండితుల చేతికొచ్చింది. 19వ శతాబ్దంలో టిషెండార్ఫ్ అనే పండితుడు సీనాయి కొండ కింద సెయింట్ కేథరిన్ మఠంలో నాలుగో శతాబ్దపు ప్రతిని వెలికితీశాడు. అంత పాతదే ఇంకొకటి వాటికన్‌లో ఉంది. ఆ రెంటిలోనూ మార్కు సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. నాలో ఉన్న చివరి 12 వచనాలు వాటిలో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసు కాపాడిన వృత్తాంతమూ లేదు. 1881లో ఇంగ్లండులో సవరించిన కొత్త నిబంధన వచ్చినప్పుడు, వెస్ట్‌కాట్, హార్ట్ అనే పండితుల ప్రభావంతో ఈ పాత ప్రతులకే పెద్దపీట వేశారు.

చిచెస్టర్ కథీడ్రల్ డీన్ జాన్ బర్గన్ దానిమీద విరుచుకుపడ్డాడు. ఆయన పాత ప్రతులను స్వయంగా చదివి పోల్చిచూసినవాడు. ఆ రెండు ప్రతులకే ఒకదానితో ఒకదానికి పొసగడం లేదని, సంఘం శతాబ్దాల పాటు చదువుకున్న వందలాది ప్రతుల సాక్ష్యాన్ని వాటి కోసం తోసేయడం అన్యాయమని వాదించాడు. ఆయన వాదనను నేను గౌరవిస్తాను. అయితే నన్నొక్కదాన్నే నమ్మేవాళ్లు ఆయన పేరు చెప్పినప్పుడు ఒక సంగతి వదిలేస్తారు: ఎరాస్మస్ నుంచి వచ్చిన పాఠాన్ని కూడా అక్కడక్కడ దిద్దాలని బర్గనే ఒప్పుకున్నాడు.

1952లో అమెరికాలో సవరించిన మరో తర్జుమా పూర్తిగా వెలువడింది. యెషయా ఏడో అధ్యాయంలో నేను కన్యక అన్నచోట అది యువతి అంది. నార్త్ కరొలైనాలో ఒక బోధకుడు ఆ పుటను జనం ముందు తగలబెట్టాడు. అదే తర్జుమా మత్తయి సువార్తలో కన్యక అన్న మాటను ఉంచిందని మంట చూసినవాళ్లలో ఎందరికి తెలుసు? ఒక బైబిలు పుటను కాల్చడం తప్పే. నన్ను ప్రేమించి కాల్చినా తప్పే. కానీ ఆ వార్త విన్న రాత్రి మా ఇంటాయన నా మీద చెయ్యివేసి చాలాసేపు కూర్చున్నాడు. ఇవాళ కన్యకను తీస్తే రేపు ఖాళీ సమాధిని తీయరా అన్నది ఆయన భయం. ఆ ప్రశ్నకు ఆయనకు అర్థమయ్యే భాషలో, ఆయన పక్కన కూర్చుని జవాబిచ్చినవాళ్లు లేరు.

ఆ ఖాళీలోకి నన్నొక్కదాన్నే సమర్థించే పుస్తకాలు వచ్చాయి. 1930లో బెంజమిన్ విల్కిన్సన్ రాసిన పుస్తకం వాటికి మూలం. ఆయన సెవెంత్ డే అడ్వెంటిస్టు. ఆయన శనివారపు విశ్రాంతి దినాన్ని ఒప్పుకోని బాప్టిస్టులు కూడా ఆయన వాదాన్ని ఎత్తుకున్నారు. 1970లో బాప్టిస్టు పాస్టరు డేవిడ్ ఓటిస్ ఫుల్లర్ దాన్ని వేలమందికి చేర్చాడు. ఫ్లోరిడాలోని పెన్సకోలాలో పీటర్ రక్‌మన్ అనే బోధకుడు ఇంకా ముందుకు వెళ్లి, నా ఇంగ్లీషు గ్రీకు మూలాన్నే దిద్దగలదన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు దుఃఖం కలిగింది. నా పండితులు గ్రీకు ముందు, హీబ్రూ ముందు తలవంచి పనిచేశారు. ఈ సంఘాల్లో అందరూ రక్‌మన్ దారిలో లేరు. కొందరికి నా లయ ఇష్టం, అంతే. కొందరు నా వెనకనున్న గ్రీకు పాఠమే నిజమైనదంటారు. మా పాస్టరు గారు మాత్రం సూటిగా చెబుతారు: దేవుడు తన మాటలను పలికించాడు గనక కాపాడి ఉంటాడు, కాపాడి ఉంటే అవి చేతిలో పట్టుకుని చూపించదగ్గ చోట ఉండాలి, ఆ చోటు ఇదే. మొదటి రెండు మాటలు నేనూ నమ్ముతాను. మూడోదాని దగ్గర ఆగిపోతాను. ఆ చోటు ఒక్క పుస్తకమే కావాలని ఎవరన్నారు?

చిన్నకొడుకు కాలేజీ నుంచి 1978లో పూర్తయిన న్యూ ఇంటర్నేషనల్ వర్షన్ ఒకటి తెచ్చాడు. తండ్రి మా ఇద్దరినీ పక్కపక్కన తెరిచి మత్తయి పదిహేడో అధ్యాయం తీశాడు. కొత్తదాంట్లో 20 తర్వాత 22 ఉంది.

"ఇరవై ఒకటి ఎవరు తీశార్రా?"

"తీయలేదు నాన్నా. పాత ప్రతుల్లో ఆ వచనం లేదు. కింద రాశారు, చూడు."

"కింద రాసింది దేవుడి మాటా, మనుషుల మాటా?"

అబ్బాయి జవాబు చెప్పలేకపోయాడు. చెప్పవలసిన జవాబు ఉంది: నా మొదటి ముద్రణ అంచుల్లోనూ మనుషులు రాసిన మాటలు నిండా ఉన్నాయి. ఒక మాటకు ఇంకో అర్థం ఉండవచ్చని, కొన్ని ప్రతుల్లో వేరేగా ఉందని నా పండితులే రాసి పెట్టారు. తర్వాత ముద్రించినవాళ్లు వాటిని చాలావరకు వదిలేశారు. అబ్బాయి వేరే సంఘానికి వెళ్లిపోయాడు. పండగలకు ఇంటికి వచ్చేవాడు గానీ, భోజనాలయ్యాక ఎవరూ నన్ను తెరిచేవారు కాదు. తండ్రి పోయినప్పుడు సమాధి దగ్గర కీర్తన చెప్పమంటే ఏ పుస్తకమూ తెరవకుండా చెప్పాడు. నోటికొచ్చినవి నా మాటలే. అన్న అతని వైపు చూశాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు నేను అన్న దగ్గర ఉన్నాను. చర్చిలో మిషనరీల కోసం ప్రార్థించినప్పుడల్లా విలియం కేరీ పేరు వస్తుంది. ఆ ఇంగ్లీషు బాప్టిస్టు చదువుకుంటూ పెరిగిన బైబిలు నేనే. అయినా బెంగాల్‌లోని సెరాంపూర్ వెళ్లి ఆయన జనానికి నన్ను ఇవ్వలేదు. వాళ్ల భాషలు నేర్చుకున్నాడు. 1801లో అచ్చయిన బెంగాలీ కొత్త నిబంధనను బతికినంతకాలం దిద్దుతూనే ఉన్నాడు. 1812లో ముద్రణశాల తగలబడి రాతప్రతులు పోతే మళ్లీ మొదలుపెట్టాడు. 1818లో అక్కడినుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. తన భాషలో సువార్త విన్న తెలుగు రైతుకు దక్కింది దేవుడి వాక్యమేనని ఈ చర్చిలో ఏ ఒక్కరూ కాదనరు. దిద్దుబాట్లతో, తడబాట్లతో తయారైన తెలుగు తర్జుమాలో దేవుడు మాట్లాడగలిగితే, టెనెసీలో ఆ చిన్నకొడుకు చేతిలోని పుస్తకంలోనూ మాట్లాడగలడు.

నా పండితులు ఇదే చెప్పారు. వాళ్లలో మైల్స్ స్మిత్ అనే ఆయన పాఠకులకు ఒక పెద్ద ముందుమాట రాశాడు. రాజు ప్రసంగాన్ని ఎన్ని భాషల్లోకి మార్చినా, ఒక్కొక్కరు ఒక్కోలా మార్చినా అది రాజు ప్రసంగమే అయినట్టు, సామాన్యమైన తర్జుమా కూడా దేవుడి వాక్యమేనని అందులో ఉంది. పలు తర్జుమాలు చూస్తే లేఖనాల భావం తెలుసుకోవడానికి మేలని కూడా ఉంది. తమకు ముందు పనిచేసినవాళ్లను తక్కువ చేయలేదు, తమ తర్వాత ఎవరూ రావద్దనలేదు. నాలో ఆ ముందుమాట లేదు. రాజుకిచ్చిన అంకితపు పొగడ్తను ఉంచి, పాఠకుడికి రాసినదాన్ని తీసేశారు. నన్ను అచ్చువేసే అమెరికా ముద్రణశాలల్లో చాలావాటికి ఇది అలవాటు.

నన్ను అచ్చువేసే ప్రతివాళ్లనూ అడుగుతున్నాను: ఆ పుటలు తిరిగి చేర్చండి. వాటి భాష పాతదని, ఎవరూ చదవరని అనకండి. మా ఇంట్లో పెద్దకొడుకు ఇప్పుడు తండ్రిలాగే వరుస కింద వేలు పెట్టి చదువుతాడు. ప్రొఫెసరు చెబితే నమ్మడు, తమ్ముడు చెబితే నమ్మడు. నా అట్టల మధ్య ఉంటే చదువుతాడు.