భీముడు ఒక్క క్షణం ఆగడు

జెస్చర్ డ్రాయింగ్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది ముక్కు దగ్గర మొదలుపెడతారు. ముక్కు కుదిరేసరికి గడువు అయిపోతుంది, పాపం మనిషికి కాళ్లు రావు. ఈ విద్య అడిగేది పోలిక కాదు. బరువు ఏ కాలి మీదుంది, నడుం ఎటు ఒరిగింది, ఊపు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలింది, అంతే. అందుకే అర నిమిషం, రెండు నిమిషాలకు మించి సమయమివ్వరు. తీరా ఆ కాసేపటికి ఒకణ్ణి తెచ్చి, చెయ్యెత్తించి, కదలొద్దంటారు! కదలిక నేర్చుకోవడానికి కదలని మనిషా? ఎత్తిన చెయ్యి కాసేపటికే సిటీ బస్సులో రాడ్డు పట్టుకున్న చెయ్యయిపోతుంది.

రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్లకి ఈ తిప్పలెందుకని నా వాదన. ఛత్తీస్‌గఢ్‌లో మహాభారతాన్ని పాడి చెప్పే పండవాని ఉందిగా. కాపాలిక శైలిలో కథ చెప్పే మనిషి లేచి నిలబడి, చేతిలో ఉన్న ఒక్క తంబూరాతోనే భీముడి గదా తిప్పుతుంది, అర్జునుడి విల్లూ ఎక్కుపెడుతుంది. తంబూరా అదే, ఒళ్లు మారుతుంది. గద అయితే భుజం కుంగి మోకాలు వంగుతుంది, విల్లయితే వెన్ను వెనక్కి సాగుతుంది. తంబూరాని తీగలతో సహా గీసినా ఈ తేడా కాగితం మీదికి రాదు. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న రోజుల్లో గనియారీ ఊరి పండవాని కళాకారిణి తీజన్ బాయి లేచి నిలబడింది. 2019లో పద్మవిభూషణ్ అందుకుంది. బుర్రకథ చూసినవాళ్లకి మిగతాది విడమర్చి చెప్పక్కర్లేదు.

కథ చెప్పే మనిషి ఆగదు కదా, ఎలా గీస్తామంటారు. ఆగకపోవడమే మేలు, మీసాలు దిద్దే తీరిక దొరకదు. ఫోన్‌లో వీడియో తీసి ఆపుకుంటామంటారా? ఆపిన చోట బరువు కనబడదు, రెండు అడుగుల మధ్య ఇరుక్కున్న మనిషి కనబడుతుంది. ముందు ఎముకలూ కండరాలూ నేర్చుకోవాలనే పెద్దలూ ఉన్నారు. వాళ్ల మాట పూర్తిగా కొట్టెయ్యలేను, ఏళ్లు గడిచాక అవీ కావాలి. కానీ 1941లో వచ్చిన నికొలాయిడిస్ డ్రాయింగ్ పాఠ్యపుస్తకంలో రెండో అభ్యాసమే జెస్చర్, శరీరశాస్త్రం చాలా వెనక. మరీ జంకేవాళ్లు రాయ్‌పూర్‌లోని ఘాసీదాస్ మ్యూజియంలో శిల్పాల ముందు కూర్చోవచ్చు. నడుం ఒరగడమంటే ఏమిటో అవి ఓపిగ్గా చూపిస్తాయి, పైగా టీ విరామం అడగవు.

ఇక పండవానిలోనే మరో పద్ధతి, వేదమతి శైలిలో కూర్చునే కథ చెబుతారు కాబట్టి అదే సులువనుకునేవాళ్లు కొందరు. అక్కడ యుద్ధమంతా మెడా మణికట్టే చెయ్యాలి. దాన్ని రెండో ఏటికి దాచుకోండి.