ఆ మూల విషం, ఈ మూల పన్నీరు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ - ఈ మూడింటిలో ఏ ఊరైనా సరే, కాస్త పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూంలోకి వెళ్ళండి. ఒక మూల గోడకు ఆర్వో మెషిన్లు వేలాడుతుంటాయి. అక్కడి పిలగాడు మీ ఊరి నీళ్ళ గురించి చెప్పేది వింటే ఆ పూట అన్నం సయించదు. గ్లాసులో బోరునీళ్ళు పోస్తాడు, రెండు కడ్డీలున్న డబ్బా ఒకటి ముంచుతాడు, స్విచ్ వేస్తాడు. కాసేపటికి నీళ్ళు మట్టిరంగుకు తిరిగి పైన మడ్డి తేలుతుంది. "సూసిండ్రా సార్, రోజూ మీరు తాగేది గిదే" అంటాడు. నిజానికి ఆ మడ్డి నీళ్ళలోంచి వచ్చింది కాదు. కరెంటు పారినప్పుడు ఇనుపకడ్డీ కరిగి తుప్పయింది. లవణాలున్న నీళ్ళు ఎంత శుభ్రమైనవైనా అంతే అవుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే తెల్లగా కూర్చుంటాయి. సరే, అది వేరే కథ.

అక్కణ్ణుంచి నాలుగడుగులు నడిచి డిష్‌వాషర్ల మూలకు రండి. అదే షోరూం, అదే ఊరు, అదే బోరు. ఇక్కడ మాత్రం నీళ్ళ ఊసే ఉండదు. "మెయింటెనెన్స్ ఏముండది సార్. గిన్నెలు పెట్టుండ్రి, బటన్ ఒత్తుండ్రి, మర్సిపోండ్రి." నాలుగడుగుల్లో విషం పన్నీరైపోయింది!

నాకు కోపం మెషిన్ మీద కాదు, ఆ "మర్సిపోండ్రి" మీద. ఇంట్లో ఏ వస్తువైనా మరిచిపోవచ్చు గానీ దీన్ని కాదు. దీని బతుకంతా నీళ్ళమీదే నడుస్తుంది, మన నీళ్ళేమో రాతిలోంచి వస్తాయి. ఈ ఊళ్ళున్న పాలమూరు నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ రాళ్ళు. వాటి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు కాల్షియం, మెగ్నీషియం వెంటబెట్టుకునే పైకొస్తాయి. నీళ్ళ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చు అని తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. మన బోర్లలో చాలావాటికి ఆ "వేరే దిక్కు లేకపోతే" అన్న మాటే దిక్కు.

ఇంకో తిరకాసుంది. పక్కనే కృష్ణ పారుతున్నా మన సంపులు తాగేది రెండు రకాల నీళ్ళు. మిషన్ భగీరథ నల్లా వచ్చిన రోజు జూరాల నుంచో, కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు నుంచో కృష్ణ నీళ్ళు. అవి బోరునీళ్ళకంటే ఎంతో మెత్తన. నల్లా రానినాడు మోటార్ వేస్తాం, అదే సంపులో బోరు నీళ్ళు పడతాయి. డిష్‌వాషర్‌కు ఇవేవీ తెలియవు. ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పడానికి దాని లోపల ఏర్పాటు ఉంది కూడా. అడుగున ఒక డబ్బాలో సన్నటి రెజిన్ పూసలుంటాయి. అవి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని బదులుగా సోడియం వదులుతాయి. కొన్ని వాష్‌లయ్యేసరికి పూసలు నిండిపోతాయి. అప్పుడు మనం పోసిన ఉప్పుతో అయ్యే చిక్కటి ఉప్పునీళ్ళతో మెషిన్ వాటిని కడిగితే మళ్ళీ పనికొస్తాయి. ఎన్నాళ్ళకోసారి అలా కడగాలన్నది నీళ్ళ గట్టిదనాన్ని బట్టి మనమే మెషిన్‌లో పెట్టాలి. సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి ఏదో మధ్యరకం నీళ్ళకు పెట్టి పంపుతారు. డెమోకు వచ్చిన మనిషి బుట్టలెట్లా లాగాలో చూపిస్తాడు, టాబ్లెట్ ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు, సెల్ఫీ దిగుతాడు, ఫైవ్‌స్టార్ రేటింగ్ ఇవ్వమని బతిమాలతాడు. నీళ్ళు మాత్రం అడగడు, తాగడానికి తప్ప.

పోనీ మనమే పెట్టుకుందామని మాన్యువల్ తీస్తే అందులో పట్టిక జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. డబ్బా మీద కడాయి మోడ్ అనీ, మసాలా మరకలకు ప్రత్యేకమనీ, అచ్చంగా మన వంటింటి కోసమే పుట్టిందనీ రాస్తారు. పేరుకు కడాయి, లెక్కకు జర్మనీ. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాములు. 600 ఉన్న బోరు దాదాపు 34 డిగ్రీలన్నమాట. "అన్నీ ఇందులోనే ఉన్నయి, ఉప్పు అక్కర్లే" అని అమ్మే ఆల్ ఇన్ వన్ టాబ్లెట్ మామూలుగా 21 డిగ్రీల దాకా నెట్టుకొస్తుంది. అంటే 370 చిల్లర. ఆపైన ఉప్పు పోయక తప్పదు. ఈ భాగహారం చేసే భారం బోరువేసుకున్న పాపానికి మనదే.

ఉప్పు దగ్గర మనవాళ్ళ తెలివిని కూడా తక్కువ చేయకూడదు. "మావే ఉప్పునీళ్ళాయె, మళ్ళ ఉప్పెందుకు పొయ్యాలె?" అన్నది మొదటి వాదం. వినడానికి తర్కబద్ధంగానే ఉంటుంది. రెజిన్‌కు కావాల్సింది సోడియం క్లోరైడ్, మన బోరులో దండిగా ఉన్నది దాని పగవాడు. రెండో వాదం అయొడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ కత్తిరించి పోసేయడం. దాంట్లో గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి, సన్నగా నూరి ఉంటుంది, అడుగున ముద్దకడుతుంది. కిరాణంలో దొడ్డుప్పు చవక గదా అంటే, అందులో ఉండే మట్టి, మెగ్నీషియం వల్ల వదిలించుకోవాల్సినదాన్నే డబ్బులిచ్చి లోపలికి పంపినట్టవుతుంది. ఇక పొదుపరులు మూడోరకం. ఆర్వో బయటికి వదిలే నీళ్ళు వృథా పోతున్నాయని ఆ పైపు తెచ్చి డిష్‌వాషర్ ట్యాంకులో కలుపుతారు. ఆర్వో కాదని పారబోసిన సున్నమంతా చిక్కబడి ఉండేది ఆ నీళ్ళలోనే కదా మహానుభావా!

డాలస్ కొడుకుల సంగతి సరేసరి. అమ్మకు నడుము నొప్పి అని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతారు, వీడియో కాల్‌లో పర్యవేక్షిస్తారు. "మా దగ్గర ఉప్పెవరూ వెయ్యరు నాన్నా" అంటారు. అబద్ధం కాదు. అమెరికాలో అమ్మే మెషిన్లలో చాలావాటికి ఆ ఉప్పు డబ్బాయే ఉండదు. ఇక్కడ ఆ మాట నమ్మి ఉప్పు అయిపోయిందని చెప్పే దీపం వెలుగుతున్నా దాన్ని అలంకారం కింద చూస్తూ కూర్చుంటే రెణ్ణెల్లలో స్టీలు గ్లాసులకు సున్నం వేసినట్టు తెల్లపొర వస్తుంది.

మొదట్నుంచీ ఇదే గొడవ. అమెరికాలో జోసఫిన్ కాక్రేన్ అనే ఇల్లాలు 1886 డిసెంబర్ 28న తన గిన్నెల మెషిన్‌కు పేటెంట్ తీసుకుంది. 1893 షికాగో ప్రదర్శనలో దానికి మంచి పేరు వచ్చింది. కొన్నది మాత్రం హోటళ్ళు, రెస్టారెంట్లు. ఇళ్ళకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఇళ్ళలో అన్ని వేడినీళ్ళు లేకపోవడం, నీళ్ళు గట్టివి కావడం అందుకున్న కారణాల్లో కొన్ని. నూరేళ్ళ పైచిలుకు పాత సమస్య మన షోరూం పిలగాడి చెవిన ఇంకా పడలేదు.

తెల్లపొర వచ్చాక సర్వీసు పర్వం మొదలవుతుంది. గద్వాలకు కర్నూలు దగ్గర. కానీ అది వేరే రాష్ట్రం, మీ ఫిర్యాదు హైదరాబాద్ ఖాతాలో పడుతుంది. మనిషి ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. తలుపు తెరిచి, ఒక గ్లాసు వెలుతురుకు పెట్టి చూసి, బరువుగా నిట్టూర్చి, కొన్ననాడు ఎవరూ చెప్పని రహస్యం విప్పుతాడు: "మీ నీళ్ళు మంచిగలేవు సార్." అప్పటిదాకా పన్నీరుగా ఉన్నవి వారంటీ మాట రాగానే మళ్ళీ విషమయ్యాయి. నీళ్ళవల్ల వచ్చిన పేరుడు వారంటీలోకి రాదనే మాట ఆ కాగితాల్లో సన్నక్షరాల్లో ఉండడం మామూలే. మందు కూడా ఆయన సంచిలోనే ఉంటుంది: డీస్కేలింగ్ పొడి, దానితోపాటు ఏడాది నిర్వహణ ఒప్పందం, అదే ఏఎంసీ. ఆ పొడుల్లో చాలావాటి సారం సిట్రిక్ యాసిడ్. మన కిరాణంలో నిమ్మ ఉప్పు పేరుతో పొట్లం కట్టి ఇచ్చేదే. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన చేతులకు పులుపు మహిమ కొత్తగా నేర్పాలా? ఖాళీ మెషిన్‌లో, డిటర్జెంట్ వేయకుండా, నాలుగైదు చెంచాల నిమ్మ ఉప్పు అడుగున చల్లి వేడి ప్రోగ్రాం తిప్పితే పేరిన సున్నం చాలామటుకు కరిగి పోతుంది. ఉప్పు, సెట్టింగ్ సరిచేయకపోతే మళ్ళీ వస్తుంది. ఏఎంసీ బతికేది ఆ "మళ్ళీ" మీదే.

గ్లాసు మసకబారితే సర్వీసుకు ఫోన్ చేసేముందు నిమ్మచెక్క ఒకటి తీసుకొని ఒక పక్క రుద్దండి. రుద్దినచోట తళుక్కుమంటే అది సున్నం. రుద్దినా మసక పోకపోతే గాజే తినుకుపోయింది, దాన్ని ఏ దేవుడూ బాగుచేయలేడు. గాజు తినుకుపోవడం మెత్తటి నీళ్ళలో, డిటర్జెంట్ ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బు. అంటే నల్లానీళ్ళ వారం ఒక రోగం, బోరునీళ్ళ వారం ఇంకో రోగం. సర్వీసువాడి మందు మాత్రం ఒకటే.

ఫిల్టర్ గురించి కూడా ఎవరూ మాట్లాడరు. కింది బుట్ట బయటికి లాగితే మధ్యలో గుండ్రటి జాలీ కనిపిస్తుంది. ఎడమకు తిప్పి పైకెత్తండి. మీ ఇంటి వారం రోజుల వంటకాల పట్టిక మొత్తం అందులో ఉంటుంది: తాలింపు ఆవాలు, మిరప గింజలు, కరివేపాకు ఈనెలు, పచ్చిపులుసులోంచి జారిన చింతపీచు, ఊరగాయ సీసా నుంచి ఊడిన లేబుల్ ముక్క. పాత టూత్‌బ్రష్‌తో నల్లా కింద తోమి, చివరిదాకా బిగించి పెట్టాలి. వదులుగా పెడితే ఆవగింజలు పంపు దాటి నీళ్ళు చిమ్మే రెక్కల్లోకి చేరతాయి. రెక్క ఊడదీసి చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. రంధ్రాల్లో సున్నం గట్టిపడితే అగ్గిపుల్లతో గుచ్చి తీయాలి. ఇదంతా ఎవరు చేయాలి? "మర్సిపోండ్రి" అన్నవాడు రాడు. ఇంటి ఆడమనిషే చేయాలి. ఒకప్పుడు ఆమె గిన్నెలు తోమేది. ఇప్పుడు మెషిన్‌ను తోముతోంది, పైగా సుఖపడుతోందని చుట్టాలతో మాటలు పడుతోంది.

అసలు కొందరిళ్ళలో రెండూ జరుగుతాయి. గిన్నెలన్నీ ముందు నల్లా కింద సబ్బుతో శుభ్రంగా తోమి, అప్పుడు మెషిన్‌లో పేరుస్తారు! అది కడిగినవే కడిగి కృతజ్ఞతగా ఒక పాట పాడుతుంది. మెతుకులు చెత్తబుట్టలోకి గీకేస్తే చాలు. డిటర్జెంట్‌లోని ఎంజైములు పిండిపదార్థాన్నీ మాంసకృత్తుల్నీ తినడానికే ఉన్నాయి, వాటి నోటికాడి కూడు మనం తీస్తున్నాం. గిన్నెకు అంటుకొని మాడిన గిన్నెప్ప చెక్కను మాత్రం నానబెట్టండి. దాని ముందు జర్మనీ ఇంజనీర్లు కూడా చేతులెత్తేస్తారు.

సింగిల్ ఫ్లోర్ ఇళ్ళవాళ్ళకు ఒక చిన్న లెక్క. చాలా మోడళ్ళకు కనీసం అర బార్ నీటి ఒత్తిడి కావాలి, అంటే ట్యాంకు మెషిన్‌కు 5 మీటర్ల పైన ఉండాలి. స్లాబు మీదే ట్యాంకు పెట్టుకున్న ఇంట్లో అది మూడున్నర, నాలుగు మీటర్లకు మించదు. మెషిన్ తెల్లమొహం వేసి నల్లా బొమ్మ చూపిస్తుంది. వచ్చినవాడు "వాల్వు పోయింది" అని వాల్వు మారుస్తాడు. బొమ్మ మళ్ళీ కనిపిస్తుంది. ముందు పైపు మొదట్లో ఉండే చిన్న జాలీ విప్పి ఇసుక కడగండి. అప్పటికీ రాకపోతే టేపు పెట్టి ట్యాంకు ఎత్తు కొలవండి, వాల్వును కాదు తిట్టాల్సింది.

షోరూం యజమానులకు ఒక విన్నపం. నీళ్ళ గట్టిదనం చెప్పే కాగితపు పట్టీలు దొరుకుతాయి. నీళ్ళలో ముంచి రంగు చూసుకోవడమే, చిన్నపిల్లలు కూడా చేస్తారు. అవి మీ దగ్గర ఉండవు. డిష్‌వాషర్‌తోపాటు దసరాకు మీరు ఉచితంగా ఇచ్చేది అల్యూమినియం కుక్కర్, నాన్‌స్టిక్ తవ్వ. డిష్‌వాషర్‌లో పెడితే మొదటిది నల్లబడుతుంది, రెండోదాని పూత లేచిపోతుంది. ఈసారి ఆ రెండూ మీ దగ్గరే ఉంచుకుని, డబ్బాలో ఒక పట్టీ, ఒక కిలో ఉప్పు పడేయండి.