ఆరు గంటల్లో పదమూడు వందల పేజీలు

మా రోజుల్లో ఒక నవల టీవీలో వస్తోందంటే ముందు ఆ నవల కోసం లైబ్రరీకి పరిగెత్తేవాళ్ళం. దొరక్కపోతే ఎవరి దగ్గరుందో వాకబు చేసి, బతిమాలి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు టీవీలో వచ్చేసిందంటే ఇక నవల చదవక్కర్లేదని లెక్క. ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ నాకు మాత్రం మింగుడుపడటం లేదు.

కథ మార్చేశారని కాదు నా గొడవ. కాగితం మీది కథ తెర మీదికొస్తే మారుతుంది, మారాలి కూడా. ఎందుకు మార్చారు, ఎవరి కోసం మార్చారు అన్నదే నేను అడిగేది.

'తమస్' సంగతి చూడండి. భీష్మ సాహ్ని 1974లో తెచ్చిన హిందీ నవల. మరుసటేడు దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దేశ విభజనకి కాస్త ముందు పంజాబులోని ఒక ఊళ్ళోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ చెలరేగిన మతకల్లోలాల కథ. 1988 మొదట్లో గోవింద్ నిహలానీ దాన్ని దూరదర్శన్‌కి తీశారు. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు చూసుకుని అందరం అక్కడ చేరేవాళ్ళం. హిందీ సగం అర్థమయ్యేది, మిగతా సగం ఎవరో ఒకరు చెబితే తెలిసేది. అయినా మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళు లేరు. ప్రసారం ఆపించాలని కొందరు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు కూర్చుని సాంతం చూసి, ఆపాల్సిన పని లేదన్నారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది.

నవలా, సీరియలూ రెండూ మొదలయ్యేది ఒకేచోట. తోళ్ళు ఒలుచుకు బతికే నాథూ రాత్రంతా ఒక పందిని చంపడానికి తంటాలు పడుతుంటాడు. పశువుల డాక్టరుకి కావాలని చెప్పి మురాద్ అలీ ఐదు రూపాయల నోటు చేతిలో పెట్టి పోయాడు. పంది లొంగదు. దీపం కొండెక్కేలా ఉంటుంది. అవతల తెల్లవారిపోతుంటుంది. ఓం పురి మొహం మీద చెమట, ఆ ఆయాసం, ఆ జంతువు మొండితనం - ఇంతే. ఒక మనిషి, ఒక పంది, నాలుగు గోడలు. తెల్లారాక ఆ కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది. తర్వాత ఊరు తగలబడటానికి కారణం ఏమిటో మనకి తెలుసు, నాథూకీ తెలుసు, చేయించినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ బరువు చూసేవాడి గుండెల మీదికి ఎక్కాలంటే మొదటి దృశ్యం అంతసేపూ ఉండాల్సిందే. ఇవాళ ఎవరైనా ఉండనిస్తారా? కాస్త ఆలస్యమైతే చాలు, చూసేవాడు వేలితో ముందుకి తోసేస్తాడని భయం.

నిహలానీ మార్చలేదా అంటే, బాగానే మార్చారు. నవల్లో నాథూ కొంత దూరం పోయాక పక్కకి జరిగిపోతాడు, కథ ఊరంతా తిరుగుతుంది. నిహలానీ మాత్రం నాథూనీ, నిండు చూలాలైన అతని భార్యనీ వదల్లేదు. వాళ్ళ వెంటే నడిచి శరణార్థుల శిబిరం దాకా కథని తీసుకెళ్ళారు. సాహ్ని రాసిన వేరే కథల్నీ అందులో కలిపారు. అంటే నవల్లో లేనిది ఎంతో తెర మీద ఉంది. అయినా నవలకి ద్రోహం జరిగిందని నాకు ఏనాడూ అనిపించలేదు. తన చేతులతో తెలియక చేసిన పనికి ఊరు తగలబడటం చూస్తున్నవాడు ఏమైపోయాడని నవల చదివిన ప్రతివాడూ అడుగుతాడు. నిహలానీ ఆ ప్రశ్న పట్టుకునే పోయారు. రాసినాయన కూడా దూరంగా నిలబడలేదు. ముసలి హర్నామ్ సింగ్ వేషం స్వయంగా ఆయనే వేశారు, భార్య బంతోగా దీనా పాఠక్ పక్కన నడిచారు. కాలిపోతున్న దుకాణం వదిలేసి చీకట్లో ఆ ఇద్దరు ముసలివాళ్ళూ నడిచిపోతుంటే, నాతోపాటు చూస్తున్నవాళ్ళలో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు.

మాల్గుడి కథ ఇంకొకటి. ఆర్.కె. నారాయణ్ 'గైడ్'ని 1965లో సినిమాగా తీసినప్పుడు, తన చిన్న ఊరిని ఎత్తుకెళ్ళి రాజస్థాన్ కోటల మధ్య పెట్టారని ఆయన ఎంత నొచ్చుకున్నారో ఆయన రాసుకున్న వ్యాసం చదివితే తెలుస్తుంది. అలాంటి మనిషి ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ తన కథల్ని టీవీ కోసం శంకర్ నాగ్ చేతిలో పెట్టారు. శంకర్ నాగ్ అగుంబె వెళ్ళి, ఆ వానల్లో, ఆ పెంకుటిళ్ళ మధ్య మాల్గుడి కట్టుకున్నారు. మాల్గుడి అంత వానలూరు కాదని ఎవరైనా అనొచ్చు. కానీ స్నేహితుడు రాజం రైలెక్కి వెళ్ళిపోతుంటే ప్లాట్‌ఫాం మీద స్వామి మొహం చూసినవాడెవడూ ఆ మాట అనడు. ఊరు మారినా పిల్లాడి దిగులు మారలేదు.

అప్పట్లో అంతా బంగారమే అని నేననను. దేవకీనందన్ ఖత్రీ రాసిన 1888 నాటి 'చంద్రకాంత'ని 1994లో టీవీలో ఎలా సాగదీశారో చూశాం. పక్కపాత్ర క్రూర్ సింగ్ ఇంటింటి పేరైపోయాడు, కథ ఎటు పోయిందో తీసినవాళ్ళకే తెలియాలి. సాగదియ్యడం ఒక తప్పైతే కుదించడం అంతకన్నా పెద్ద తప్పు. సాగదీసిందాంట్లో అసలు కథ ఎక్కడో మిగిలుంటుంది, కుదించినప్పుడు తీసేసిన ముక్క మళ్ళీ రాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. విక్రమ్ సేథ్ 'ఎ సూటబుల్ బాయ్' 1993లో వచ్చింది. పదమూడు వందల పేజీల పైమాటే. 1951, 52 నాటి ఉత్తరాది, బ్రహ్మపూర్ అనే కల్పిత నగరం. లతకి వరుణ్ణి వెతకడం పైకి కనిపించే కథ. ఆ కథ కింద జమీందారీ రద్దు చట్టం, తోళ్ళ పని, మొదటి సార్వత్రిక ఎన్నికలు, హిందూ ముస్లిం ఇళ్ళ మధ్య స్నేహాలు, వాటిలో పడ్డ చీలికలు - కొత్తగా పుట్టిన దేశం మొత్తం ఉంది. 2020లో మీరా నాయర్ దీన్ని బీబీసీకి తీశారు, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లోనూ వచ్చింది. రచన ఆండ్రూ డేవీస్. మొత్తం ఆరు భాగాలు, ఒక్కోటీ సుమారు గంట.

ఇదే డేవీస్ 1995లో 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్'కి రాసినప్పుడు కూడా ఆరు భాగాలే. అది చిన్న నవల, ఆరింటిలో హాయిగా కుదురుకుంది. దానికి నాలుగింతలకి మించిన నవలకీ ఆరే ఎలా సరిపోతాయి? 'వార్ అండ్ పీస్'ని ఇదే బీబీసీ 1972లో ఇరవై భాగాలుగా తీసింది. ఆంథొనీ హాప్కిన్స్ పియెర్‌గా వేశాడు. 2016లో డేవీస్ చేతిలో అది ఆరుకి దిగింది. టాల్‌స్టాయ్ నవల ఈ మధ్యలో ఏమైనా చిక్కిపోయిందా? చూసేవాడికి ఓపిక చిక్కిందని తీసేవాళ్ళు తీర్మానించుకున్నారు, అంతే.

టబు సయీదా బాయిగా బాగా చేసింది, నేను కాదనను. కానీ నా బాధ రషీద్ గురించి. నవల్లో ఈ కుర్రాడికి చదువుంది, న్యాయబుద్ధి ఉంది. తన ఇంటి పొలం తరతరాలుగా దున్నిన ముసలి కచ్చేరు పేరు పట్వారీ లెక్కల్లో ఎక్కించాలని పట్టుబడతాడు. ఆ సంగతి ఇంటి పెద్దలకి తెలిసి ముసలివాణ్ణే భూమి మీంచి తరిమేస్తారు. మంచి చెయ్యబోయినందుకు జరిగిన ఈ చెడుని రషీద్ తట్టుకోలేడు, మతి చలిస్తుంది. మన దగ్గర కౌలుదారీ చట్టాల కాలంలో పొలం మీద హక్కు వస్తుందేమోనని రాత్రికి రాత్రి రైతుల్ని మార్చేసిన ఊళ్ళెన్నో ఎరిగినవాళ్ళకి ఈ ఘట్టం చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. దీనికి రోజులు పట్టాలి. చట్టం అసెంబ్లీలో పుట్టాలి, పల్లెకి చేరాలి, పట్వారీ దస్త్రంలో వంకరపోవాలి. ఆరు గంటల్లో దీనికి నిలబడటానికి చోటేది? ప్రేమకథకి ఉంది, ముజ్రాకి ఉంది. ముందు బయటికి పోయేది ఎప్పుడూ పొలమే.

పోయినేడు సెలవులకొచ్చిన మా మనవరాలు, "తాతయ్యా, ఆ బుక్ నేను ఒక్క ఆదివారంలో చూసేశాను," అంది.

"హరేష్ ఏం చేస్తాడే?" అని అడిగాను.

"ఏదో షూ కంపెనీ కదా?"

"అంతేనా?"

"అంతే. చివరికి అతన్నే ఎందుకు చేసుకుందో నాకర్థం కాలేదు తాతయ్యా. కబీరే బావున్నాడు."

దాని తప్పేం లేదు. నవల్లో హరేష్ చెప్పుల వ్యాపారి కాదు, చెప్పుల పనివాడు. ఇంగ్లండులో చదివొచ్చినా తోలు చేత్తో పట్టుకుని మంచీచెడ్డా చెప్పగలడు. లతనీ, వాళ్ళమ్మనీ తోళ్ళ కార్ఖానాకి తీసుకెళతాడు. ఆ కంపు లత భరించలేకపోతుంది, అతను మాత్రం పని గురించి సంబరంగా చెబుతూనే ఉంటాడు. ఆ మనిషి మీద మనకి గౌరవం కలగడానికి వందల పేజీలు పడుతుంది. లతకీ అంతే పట్టింది. ఆ పేజీలు పోయాక మిగిలేది అందగాడు కబీరు, అందం తక్కువైన హరేష్ - అప్పుడు ఏ అమ్మాయైనా మా మనవరాలు అడిగిన మాటే అడుగుతుంది. ముగింపు నవల్లోదే ఉంచారు, దాని కారణం పోగొట్టారు.

ఇంకో మాట. ఆ పాత్రలన్నీ తెర మీద ఎక్కువభాగం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాయి. నవలా ఇంగ్లీషేగా అంటారు. పుస్తకంలో ఇంగ్లీషు చదువుతూ మనం లోపల హిందీ వింటాం. తెర మీద ఆ వెసులుబాటు లేదు. 1951లో ఒక తల్లి కూతుర్ని ఇంగ్లీషులో కసురుకుంటుంటే ఇంట్లో వంట వాసన రాదు.

ఇదంతా చూశాక డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' తల్చుకుంటే నాకు భయం. దాన్ని 1963లోనే 'చదువుకున్న అమ్మాయిలు'గా సినిమా తీశారు, అది వేరే సంగతి. ఇవాళ మన ఓటీటీ వాళ్ళెవరైనా దాని మీద కన్నేస్తే ఇందిరని ఏం చేస్తారు? విశాఖలో ఉద్యోగం చేస్తూ, తండ్రిని నెట్టుకొస్తూ, తనకి కావలసింది అడిగి తీసుకునే మనిషి ఇందిర. ప్రకాశం పిరికితనం చూసి ఈసడిస్తుంది, కల్యాణిని గాయపరుస్తుంది, మనం తిట్టుకుంటూనే ఆమె వెంట నడుస్తాం. ఆమెని తప్పుపట్టాలో మెచ్చుకోవాలో సగం పుస్తకం దాకా తేలదు. మొదటి భాగం అయ్యేసరికి ఎవరు మంచో ఎవరు చెడో తేల్చెయ్యాలనే ఈ రోజుల్లో ఆమెకి సీరియల్ విలన్ బొట్టు పెట్టేస్తారు.

తీస్తామంటే వద్దనను. ఇరవై వారాలివ్వండి, వారానికొక్కటే వెయ్యండి. మొదటి వారం మేడమీద గది, కిందింటి తండ్రీకూతుళ్ళు, అంతే చూపించండి. తీసేవాళ్ళు మాత్రం నవల ఆఖరి పేజీ దాకా చదివి వచ్చి కెమెరా ముట్టుకోండి.