నాయినమ్మ బీపీ, మనవడి సీటు

జూన్ వచ్చిందంటే షాద్‌నగర్, కేశంపేట వైపు ఊళ్లలో నాయినమ్మల బీపీకి గిరాకీ. అమెరికా మనవలు దిగుతారు మరి. మనవడి చేతిలో బీపీ మిషన్, కోడలి చేతిలో ఫోన్. "పొద్దుగాల్నే చూసినవు గద బిడ్డా, మల్లెందుకు?" అంటుంది ముసలామె. "పొద్దున వెలుతురు సరిగ్గా పడలేదత్తమ్మా" అంటుంది కోడలు.

అమెరికాలో మెడికల్ సీటుకు మార్కులొక్కటే చాలవు. దరఖాస్తులో తాను చేసిన పనులు 15 దాకా రాసుకోవచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు. వాటిలో మనసును బాగా తాకినవి మూడు ఏరి, ఇంకో 1325 అక్షరాల్లో ఎట్లా తాకాయో చెప్పాలి. నాయినమ్మ ఆ మూడింట్లో ఉంటుంది. కాకపోతే ఆమె పేరు 'గ్రామీణ భారత వైద్య శిబిరం'.

ఆ పైన ఇంటర్వ్యూ. ఒక్క పెద్దమనిషి మెచ్చడం మీదే సీటు ఆధారపడకూడదని కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2000ల మొదట్లో ఓ పద్ధతి తెచ్చారు: గది గదికీ ఒక చిన్న ఇంటర్వ్యూ, ఒక్కోచోట కొద్ది నిమిషాలు. ఉద్దేశం మంచిదే. ట్యూషన్ అనేదొకటి ఉంటుందని పాపం వాళ్లకు తట్టలేదు. ఏడ్చే మనిషి ముందు ఎంతసేపు ఊరుకోవాలో, ఎప్పుడు తలాడించాలో డాలర్లు పుచ్చుకుని నేర్పుతున్నారిప్పుడు.

మనం నవ్వక్కర్లేదు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. "డాక్టరెందుకవుతావు?" అన్నది వాటిలో లేదు. మన ఇంటర్వ్యూ ర్యాంకు వచ్చాకే, కాలేజీ వేసిన పూలదండ మెడలో ఉండగా, టీవీ మైకు ముందు. జవాబు ఒకటే: "పేదలకు సేవ చేస్తా." సిలబస్‌లో లేదు గానీ అందరికీ నోటికొచ్చు. మేనేజ్‌మెంట్ కోటా అయితే పిల్లవాణ్ని ఎవరూ ఏమీ అడగరు, అడిగేది నాన్నను. హైవే పక్కన రెండెకరాలుంటే ఆయన మొదటి రౌండులోనే పాస్.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) మాత్రం ఒకప్పుడు పిల్లల్ని పిలిపించి రోజుల తరబడి పరీక్షించేది. సిఫారసు చేసిన చర్చిల తరఫున వచ్చినవాళ్లు చదువయ్యాక మిషన్ ఆసుపత్రుల్లో పనిచేస్తామని రాసివ్వాలి. నీట్ తప్పనిసరన్నాక, ఆ ఎంపిక పద్ధతి వదులుకోలేక 2017లో ఉన్న 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటే నింపింది. 2020లో సుప్రీంకోర్టు నీట్ తప్పదని తేల్చేసింది.

ఆ రాసిచ్చే కాగితమొక్కటి మన ర్యాంకర్లకు కూడా పూలదండతో పాటే అందించి చూడండి. ఒక్కరి దగ్గరైనా పెన్ను దొరికితే ఒట్టు.