వర్గంలో చేరిన మైనస్

నదీమూలం, ఋషిమూలం అడక్కూడదన్నారు పెద్దలు. మా లెక్కల మాస్టారు ఆ పెద్దల మాట వినే రకం కాదు. రోజూ వర్గమూలం అడిగేవారు.

వర్గమూలం గుర్తు చూస్తే నాకు ఒంటిగుంజ పాక కనబడేది. దాన్ని కట్టింది ఒక్కరు కాదని తర్వాత తెలిసింది. 1525లో జర్మన్ భాషలో వేసిన పుస్తకంలో క్రిస్టోఫ్ రుడాల్ఫ్ గుంజ పాతాడు. 1637లో ఫ్రెంచివాడు రెనే డెకార్ట్ దానికి పైకప్పు కలిపాడు. మధ్యలో 112 ఏళ్లు. ఆ లెక్కన మా ఊరి కమ్యూనిటీ హాలుకి ఇంకా బోలెడు గడువుంది.

పదో తరగతి పరీక్షలో నాకో లెక్క పడింది. పాక కింద ఎక్స్ ప్లస్ 6 కూర్చుని ఉంది. అది ఎక్స్‌కి సమానమట. ఎక్స్ ఎంత? 'ఇరువైపులా వర్గం చేయగా' అని మంత్రం వేశాను. పాక లేచిపోయింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6 సున్నా అయింది. కారణాంకాలుగా విడగొడితే 3, మైనస్ 2 వచ్చాయి. ఒకటి అడిగితే రెండిచ్చానని రాని మీసం మెలేశాను.

మాస్టారు నాలుగు మార్కుల్లో రెండు కోసేశారు.

"ఒరే, పెళ్లిలో ఎవడో వచ్చి బంతిలో కూర్చుంటాడు. మగపెళ్లివారు ఆడపెళ్లివారి చుట్టమనుకుంటారు. వాళ్లేమో వీళ్ల చుట్టమనుకుంటారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగితే గానీ వాడి గుట్టు బయటపడదు. నీ మైనస్ 2 సంగతి మొదటి లెక్కలో అడిగావా?"

అడిగాను. ఎడమవైపు మైనస్ 2కి 6 కలిపితే 4, దాని వర్గమూలం 2. కుడివైపు మైనస్ 2. మాట కలవలేదు. 3 సంగతి అడిగితే అటు తొమ్మిదికి వర్గమూలం 3, ఇటూ 3. వీడే అసలు చుట్టం.

పాపం, తప్పు మైనస్ 2ది కాదు, వర్గానిది. 2ని వర్గం చేసినా 4, మైనస్ 2ని చేసినా 4. ఊళ్లో ఏ వర్గంలోనైనా జరిగేది ఇదే: చేరేదాకానే మైనస్, చేరాక అంతా ప్లస్సే.

కాబట్టి పిల్లలూ, వర్గం చేసి తెచ్చిన జవాబుని మొదటి లెక్కలో పెట్టి సరిచూసుకోండి. నా మైనస్ 2 జవాబుగా చెల్లలేదు. మార్కుల్లో మాత్రం చెల్లింది.