కోత

మా దొడ్డమ్మ వేళ్ళు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. పొయ్యి మీద పాలు కాగుతున్నా, పక్కింటావిడ వచ్చి కూర్చున్నా, లేసు సూది కదులుతూనే ఉంటుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆవిడ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య అది. గోదావరి గట్టున ఇంటింటి అరుగు మీదికీ ఎక్కింది. ఇక్కడ అల్లిన టేబుల్ గుడ్డలూ దిండు గలీబుల అంచులూ ఓడలెక్కి దేశాలు తిరిగాయి. అల్లినవాళ్ళు గడప దాటలేదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వీళ్ళ మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. అల్లేది ఆడవాళ్ళు, అమ్ముకునేది మగవాళ్ళు అని, గంటల తరబడి పనిచేసే మనిషిని ఇంట్లో ఊరికే కూర్చునే ఇల్లాలి కిందే జమకట్టారని అందులో ఉంది. ఆ పుస్తకం చదివిన రాత్రి నాకు దొడ్డమ్మ వేళ్ళే కళ్ళల్లో మెదిలాయి.

ఏజెంటు దారం ఇచ్చేవాడు, లేసు పట్టుకెళ్ళేవాడు, చేతిలో నాలుగు నోట్లు పెట్టేవాడు. 50 ఏళ్ళు అల్లిన మనిషికి, ఇది నీ సంపాదన అని తన పేరు మీద ఒక్క కాగితం ముక్క లేదు. యూట్యూబ్ ఛానల్ పెడదామని నేను అన్నది అందుకే.

నేను ఉండేది భీమవరం. ఆదివారం ఆదివారం రైలెక్కి వెళ్ళి, కిటికీ వెలుతురులో ఆవిడ చేతులు మాత్రమే కనబడేలా వీడియో తీసేదాన్ని. మొహం వద్దంది. "మొహం చూసి ఎవరు నేర్చుకుంటారే, చేతులు చూపించు" అంది. 500 మంది సబ్‌స్క్రైబర్లు కావడానికి రెండేళ్ళు పట్టింది. యూట్యూబ్‌లో అది మొదటి మెట్టు. 500 మంది, ఏడాదిలో 3000 గంటల వీక్షణ, 90 రోజుల్లో 3 వీడియోలు ఉంటే చాలు. ప్రకటనల డబ్బు మాత్రం ఆ మెట్టు మీద రాదు, దానికి 1000 మందీ 4000 గంటలూ కావాలి. కానీ ఇష్టమైనవాళ్ళు నెలనెలా చందా కట్టి సభ్యులుగా చేరవచ్చు. వాళ్ళ కోసం విడిగా వీడియోలు పెట్టుకోవచ్చు.

చందా ఎంత పెడదామని అడిగితే దొడ్డమ్మ చాలాసేపు ఆలోచించింది. "అల్లుకునే పిల్లలు కట్టగలగాలమ్మాయ్" అంది. చివరికి 89 రూపాయలు పెట్టాం. అందులో అమ్మకం పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 70 శాతం ఛానల్‌కి, 30 శాతం యూట్యూబ్‌కి. ఆ లెక్క విని ఆవిడ తల ఊపింది. "ఎంత పట్టుకుంటారో ముందే చెప్తున్నారు. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు."

మొదటి నెల 11 మంది చేరారు. పాలకొల్లు, మొగల్తూరు, రాజోలు, ఈ చుట్టుపక్కల పిల్లలే. కొత్త డిజైను చేతికొస్తే ఆర్డరు దక్కుతుందని ఆశపడేవాళ్ళు. వాళ్ళ కోసం దొడ్డమ్మ ఒక్కో పువ్వూ మొదటి ముడి నుంచీ చూపించేది, ఎక్కడ తప్పు పోతుందో అక్కడ కావాలనే తప్పు అల్లి, విప్పి, మళ్ళీ అల్లేది. డబ్బు తీసుకుని నేర్పుతున్నాను కాబట్టి ఏదీ దాచుకోకూడదని ఆవిడ పట్టుదల.

ఆ సభ్యుల వీడియోలకు ఇంకో సంగతి ఉంది. ప్రతిదాని చివరా సూది పక్కన పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో కలిపి, "నాన్నా, అన్నం తిన్నావా?" అని అడిగేది. అది అన్నయ్యకి.

అన్నయ్య ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. టెక్సాస్‌లో ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తాడు, అక్కడ పొద్దున్న లేచి ఎటో బయల్దేరే వేళకి. బీపీ మాత్ర వేసుకున్నావా, గ్యాసు వచ్చిందా, సరే ఉంటానమ్మా. అంతే. దొడ్డమ్మకి చెప్పుకోవలసినవి మిగిలిపోయేవి. సభ్యుల వీడియో అంటే నలుగురూ చూసేది కాదని తెలిశాక వాటిని అక్కడ చెప్పుకోవడం మొదలుపెట్టింది. పెరట్లో సపోటా కాసిందని, వీధి చివర రావిచెట్టు కొట్టేశారని, నీ చిన్నప్పటి చొక్కా పాత పెట్టెలో కనబడిందని, రెండే రెండు నిమిషాలు. తీసేద్దామా అని నేనెప్పుడూ అడగలేదు. నేర్చుకునే పిల్లలు కూడా ఆ రెండు నిమిషాల కోసం ఎదురుచూసేవాళ్ళు.

"నాకు వాడి డబ్బులెందుకే, చూస్తే చాలు. చూడాలంటే చేరాలంటున్నావుగా" అని నాతో అని, ఒక ఆదివారం స్పీకరు పెట్టి నా ఎదురుగానే అన్నయ్యని చేరమంది.

"మొదటి రోజే చేరానమ్మా" అన్నాడు అన్నయ్య. "నెలనెలా నా కార్డులోంచి పోతోంది. నువ్వు చెప్పేవన్నీ చూస్తున్నాను."

ఆ రోజు దొడ్డమ్మ నాకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

సభ్యుల్లో కొందరు అసలు పేర్లు పెట్టుకోరు. ఒకరు 'కొబ్బరాకు' అని పెట్టుకున్నారు. బొమ్మ లేదు, ఊరు లేదు. ప్రతి వీడియో కింద ఒకే ఒక్క మాట రాసేవారు, "తిన్నానమ్మా" అని. దొడ్డమ్మ ఆ మాట నాచేత చదివించుకుని, నవ్వుకుని, ఎర్ర గుండె బొమ్మ పెట్టించేది. "పేరు పెట్టి రాయడానికి సిగ్గు వాడికి. చిన్నప్పుడూ అంతే" అనేది.

ఇక డబ్బు చేతికి రావడం వేరే కథ. ఖాతాలో 10 డాలర్లు జమైతేనే ఇంటి చిరునామా సరిచూసుకోవడానికి ఒక పిన్ నంబరు పోస్టులో పంపుతారు. మాకు అది రెండో నెలలో దాటింది. ఉత్తరం రావడానికి మరో మూడు వారాలు. పోస్ట్‌మన్ గేటు దగ్గర నిలబడి దొడ్డమ్మ పేరు పెట్టి పిలిచాడట. పెళ్ళి శుభలేఖలు కాకుండా తన పేరున వచ్చిన ఉత్తరం అదే మొదటిదని చెప్పింది. ఆరంకెలు కొట్టించాక ఆ కాగితం పారేయనివ్వలేదు, బైబిల్లో పెట్టుకుంది.

పేర్ల దగ్గర బాగా తిప్పలు పడ్డాం. పాస్‌బుక్కులో ఇంటిపేరుకి ఒక అక్షరమే ఉంది. ఆధార్‌లో పుట్టింటివారి ఇంటిపేరు ఉంది. కొత్తగా తీయించిన పాన్ కార్డులో అత్తింటివారిది. డబ్బు తీసుకునే పేరూ బ్యాంకు పేరూ ఒకటి కాకపోతే సొమ్ము వెనక్కి పోతుంది. మూడుచోట్లా ఒకే మనిషిని చేయడానికి నెలన్నర పట్టింది. మగవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ ఇంటిపేరు మధ్యలో మారదు. ఆ తర్వాత స్విఫ్ట్ కోడ్. ఊళ్ళో శాఖకి అది లేదంటే పెద్ద శాఖది రాయించుకున్నాం. బ్యాంకులో అమ్మాయి, "విదేశాల నుంచి డబ్బు దేనికి వస్తుంది మామ్మగారూ?" అని అడిగింది. అది వాళ్ళు రాసుకోవాల్సిన వివరమే. నేను నోరు తెరిచేలోపే దొడ్డమ్మ, "పాఠం చెప్పినందుకమ్మా" అంది.

పన్ను కాగితం కూడా ఒకటి నింపాలి. అమెరికా బయట ఉండి సంపాదించే మనిషి ఇచ్చే డిక్లరేషను అది, డబ్ల్యూ-8 బెన్ అంటారు. ఇవ్వకపోతే ప్రపంచంలో ఎక్కడ వచ్చిన రాబడిలోంచైనా 24 శాతం దాకా కోసేయవచ్చు. ఇస్తే, మన దేశానికీ వాళ్ళకీ ఉన్న ఒప్పందం ప్రకారం 15 శాతమే. అది కూడా అమెరికాలో ఉన్న సభ్యుల నుంచి వచ్చిన భాగం మీద మాత్రమే. నేను భయపడినంత లేదని సంబరంగా దొడ్డమ్మకి విడమరిచి చెప్పాను. ఆవిడ ఒళ్ళో దారం ఉండ దొర్లకుండా మోచేత్తో ఆపుకుంటూ వింది.

"అయితే అక్కడుండి కట్టినవాళ్ళ డబ్బులోనే కోస్తారన్నమాట."

"అవును. మన పాలకొల్లు పిల్లల డబ్బులో ఆ కోత ఉండదు."

"కోసుకోనీలే" అంది. "అక్కడి నీళ్ళు తాగుతున్నప్పుడు అక్కడికీ కాస్త ఇవ్వద్దూ."

సంతకం చోట పేరు తనే కొడతానంది. చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంటిపేరుతో సహా కొట్టింది. ఐదు నిమిషాలు పట్టింది. నేను సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

100 డాలర్లు నిండితేగానీ డబ్బు బయటికి రాదు. నెల రాబడి మరుసటి నెల రెండో వారానికి లెక్క తేలుతుంది, 21కీ 26కీ మధ్య బ్యాంకుకి బయల్దేరుతుంది. 34 మంది సభ్యులయ్యాక కూడా మాకు నెలకి 20 డాలర్లు వచ్చేవి. ఏడు నెలల రాబడి పోగైతే 104 డాలర్ల చిల్లర అయింది. ఎంత చిన్న మొత్తమో నాకు తెలుసు. ఆవిడ అల్లిన ఒక్క పెద్ద టేబుల్ గుడ్డని విదేశంలో ఎంతకి అమ్ముతారో కూడా తెలుసు. అయినా ఆ 25వ తారీఖున బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ శనివారం సెలవు పెట్టి నరసాపురం వెళ్ళాను. దొడ్డమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని తయారుగా ఉంది. బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం తనే నింపింది. ఎనిమిది వేల పైచిలుకు జమైతే, ఎనిమిది వేలూ తీసింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, పాస్‌బుక్కులో కొత్తగా అచ్చయిన వరసని వేలితో తడిమి, "ఇది నాదే" అంది, ఎవరితోనూ కాదు.

వచ్చేటప్పుడు దారిలో పూతరేకుల కొట్టు దగ్గర ఆటో ఆపించింది. అన్నయ్యకి పార్శిలు పంపాలిట. "వాడు కట్టిన దానికి పదింతలు వెనక్కి ఇవ్వకపోతే అమ్మనేంటే నేను" అని రెండు డబ్బాలు కట్టించింది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ అల్లిక చేతిలోకి తీసుకుంది. నేను ఫోనులో ఖాతా తెరిచి, ఏ నెలకి ఎంతో అంకెలన్నీ పైకి చదువుతున్నాను. నెలవారీ రాబడి, డాలరు ధర, బ్యాంకు ఖర్చులు. చివరికి పన్ను వరస దగ్గరికి వచ్చాను. అక్కడ ఏమీ లేదు. నేను ఎంత భయపడిన కాగితం అది! పట్టరాని సంతోషంతో అరిచినంత పని చేశాను.

"దొడ్డమ్మా, అమెరికా పన్ను కింద ఒక్క సెంటు కూడా కోయలేదు!"

సూది ఆగింది.

"ఈ నెలా?"

"ఏ నెలా లేదు. మొత్తం ఏడు నెలలకీ సున్నా."

దొడ్డమ్మ పూతరేకుల డబ్బాల వైపు చూసింది. తర్వాత నా వైపు.

"మరి, మీ అన్నయ్య ఉండేది అమెరికాలోనే కదమ్మా?"